బైపాడ్ మీద రైఫిల్ గురి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేల మీద బోర్లా పడుకుని, రైఫిల్ ముందు భాగాన్ని బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) మీద, భుజానికి ఆనే వెనుక భాగాన్ని, అంటే బట్‌ను, చిన్న సంచీ మీద ఆనించి కాగితపు టార్గెట్‌ను కొట్టే ఆట గురించిన ప్రశ్నలివి. అడిగేవాళ్లలో ఎన్‌సీసీ క్యాంపులో .22 కాల్చి ఆ రుచి మరిచిపోని వాళ్లున్నారు, ఇక్కడి క్లబ్బుల్లో ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్న వాళ్లున్నారు, అమెరికాలో స్థిరపడి వారాంతాల్లో రేంజ్‌కు వెళ్తున్న వాళ్లున్నారు. జవాబులన్నీ కుడిచేతి వాటం వాళ్లకు రాశాను. ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోండి.

బైపాడ్ బిగిస్తే గురి దానంతట అదే కుదురుతుందా?

కుదరదు. బైపాడ్ చేసే పని ఒక్కటే, రైఫిల్ ముందు భాగం బరువు మొయ్యడం. దానితో చేతుల వణుకు చాలావరకు పోతుంది, నిజమే. కానీ బట్ ఎక్కడుంది, భుజం ఎంత నొక్కుతోంది, చెంప ఎంత బరువు వేస్తోంది, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు వేలు తుపాకీని ఏ పక్కకు లాగుతోంది, ఇవన్నీ మీ దగ్గరే ఉంటాయి. బైపాడ్ కొన్న కొత్తలో గ్రూపులు (ఒకే గురితో వరసగా కాల్చిన తూటాలు టార్గెట్ మీద పరుచుకున్న మేర) చిన్నవవుతాయి, తర్వాత అక్కడే ఆగిపోతాయి. అప్పుడు చాలామంది ఇంకా ఖరీదైన బైపాడ్ వెతుకుతారు. వెతకాల్సింది ముందు వైపు కాదు, వెనుక వైపు.

వెనుక వైపు అంటే? బట్ కింద సంచీ అంత ముఖ్యమా?

నా లెక్కలో బైపాడ్ కంటే అదే ముఖ్యం. ఒక చిన్న లెక్క చూడండి. బైపాడ్ కాళ్లకూ బట్ కింద సంచీకీ మధ్య దూరం 60 సెంటీమీటర్లు అనుకుందాం. సంచీ మీద బట్ మిల్లీమీటరులో పదో వంతు కిందికి దిగిందంటే 100 గజాల దగ్గర తూటా ఒకటిన్నర సెంటీమీటర్లు పైకి పోతుంది. 1000 గజాల దగ్గర 15 సెంటీమీటర్లు. ఒక సాదా కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. అంటే బట్ కింద ఒక్క కాగితం తీసినా పెట్టినా టార్గెట్ మీద జానెడు దాకా తేడా వస్తుందన్న మాట. బట్‌ను ఒట్టి పిడికిలి మీద ఆనించి కాల్చేవాళ్ల గ్రూపులు పైకీ కిందికీ సాగిపోవడానికి కారణం ఇదే. పిడికిలి కండరం గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంది.

సంచీని బట్ కింద పెట్టి ఎడమ చేత్తో పట్టుకోండి. పిండితే బట్ లేచి క్రాస్‌హెయిర్ (రైఫిల్ మీది దుర్భిణి, అంటే స్కోప్‌లో కనబడే గురి గీతలు) కిందికి దిగుతుంది, వదిలితే పైకి వెళ్తుంది. గురి ఎప్పుడూ కొంచెం పిండిన స్థితిలో కుదరాలి. పూర్తిగా వదిలేస్తే గానీ గురి కుదరడం లేదంటే బైపాడ్ పొట్టిగా ఉందనో, సంచీ లావుగా ఉందనో అర్థం. సంచీ కదపకుండా బైపాడ్ ఎత్తు సర్దుకోండి.

సంచీలో ఏం నింపాలి? ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. దళసరి గుడ్డలోనో పాత జీన్స్ కాలిలోనో పొడి ఇసుక నింపి, ముప్పావు వంతు దగ్గర కుట్టేయండి. నిండా కుక్కితే రాయిలా అయి పిండటానికి లొంగదు. మోసుకుని తిరగాలంటే ప్లాస్టిక్ పూసలు తేలిక. బియ్యం నింపకండి. తడి తగిలితే బూజు పడుతుంది, రేంజ్ షెడ్‌లో ఒక రాత్రి వదిలేస్తే ఎలుకల పాలవుతుంది.

ఒళ్లు ఎలా పెట్టాలి? ఎన్‌సీసీలో పక్కకు వాలి పడుకోమన్నారు కదా?

ఎన్‌సీసీలో నేర్పింది స్లింగ్‌తో (రైఫిల్‌ను చేతికి బిగించే పట్టీతో), మోచేతి ఆధారంతో కాల్చే పద్ధతికి సరిపోయే పడక. అక్కడ రైఫిల్ బరువును ఎడమ మోచెయ్యి మోస్తుంది కాబట్టి ఒళ్లు ఏటవాలుగా ఉండాలి. బైపాడ్ మీద బరువు మొయ్యాల్సిన పని లేదు. ఇక్కడ ఒంటి పని తన్నును, అంటే కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి కొట్టే దెబ్బను, తీసుకోవడం. అందుకే వెన్నెముక బ్యారెల్ గీతకు సమాంతరంగా, వీలైనంత దాని వెనకే ఉండాలి. రెండు భుజాలూ టార్గెట్‌కు ఎదురుగా, కాళ్లు కాస్త ఎడంగా, వీలైతే మడమలు నేలకు ఆనేలా పడుకోండి.

ఏటవాలుగా పడుకుంటే ఏమవుతుంది? కాల్చగానే రైఫిల్ వెనక్కి వస్తుంది, వెనుక ఆపేది ఒక్క భుజం అంచే. దాంతో తిన్నగా రావాల్సిన తుపాకీ పక్కకు తిరుగుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు సాధారణంగా బైపాడ్ ఎడమకు గెంతుతుంది. గెంతు కనబడేది తూటా వెళ్లిపోయాకే, కానీ కదలిక మొదలయ్యేది తూటా ఇంకా బ్యారెల్‌లో ఉండగానే. ఎనిమిది కిలోల పోటీ రైఫిల్ కూడా తూటా మూతి దాటేలోపు సుమారు ఒక మిల్లీమీటరు వెనక్కి జరుగుతుంది. నాలుగు కిలోల వేట రైఫిల్ అయితే ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైనే. ఆ మిల్లీమీటరు ప్రతిసారీ ఒకే దారిలో నడిస్తే గ్రూపు చిన్నదవుతుంది.

బట్‌ను భుజం కొసకు కాకుండా మెడ ఎముక కిందికి, ఛాతీ వైపు లోపలికి తెచ్చుకోండి. కొత్తలో వింతగా ఉంటుంది.

బైపాడ్‌ను 'లోడ్' చెయ్యడం అంటే ఏంటి? ఎంత నెట్టాలి?

బైపాడ్ కీళ్లలో, రైఫిల్‌కు బిగించిన చోట, కాళ్ల రబ్బరులో ఎంతో కొంత వదులు ఉంటుంది. కాల్చినప్పుడు ఆ వదులు ఒకసారి ఇటు, ఒకసారి అటు తీరితే గురి తప్పుతుంది. దాన్ని ముందే ఒక వైపుకు తీసేయడమే లోడ్ చెయ్యడం. బైపాడ్ కాళ్లు నేలకు ఆనాక, కాలివేళ్లతో ఒంటిని కొద్దిగా ముందుకు జరిపి, భుజాన్ని బట్‌కు ఆనించి వదిలెయ్యాలి. నెట్టేది ఒంటి బరువు, చేతి కండ కాదు. చేత్తో నెడితే పదో తూటాకల్లా అలసిపోతారు, ఒత్తిడి మారిపోతుంది.

ఎంత అన్నదానికి కొలత చెప్పలేం. కాళ్లు ముందుకు కాస్త వంగినట్టు కనబడితే చాలు. పరీక్ష సులభం: కాల్చాక స్కోప్‌లోంచి చూడండి. క్రాస్‌హెయిర్ తిన్నగా పైకి లేచి మళ్లీ టార్గెట్ మీదికో, దానికి దగ్గరికో దిగితే మీరు నెట్టింది సరిపోయింది. ప్రతిసారీ ఒకే పక్కకు పోతుంటే తేడా ఒంటి కోణంలో ఉంది, ఎంత నెట్టారన్నదానిలో కాదు.

ఒక మినహాయింపు ఉంది. ఎఫ్‌-టీఆర్ (బైపాడ్ మీద దూరపు టార్గెట్లు కొట్టే ఆట, వివరం కింద ఉంది) పోటీల్లో వాడే వెడల్పాటి బైపాడ్లకు స్కీ చెక్కల్లాంటి పాదాలుంటాయి. అవి నేల మీద వెనక్కి జారడానికే చేసినవి. వాటిని గట్టిగా నెడితే ఆ సౌకర్యం పోతుంది. ఆ ఆటగాళ్లలో చాలామంది భుజాన్ని తాకీ తాకనట్టు ఉంచి రైఫిల్‌ను తన దారిన వెనక్కి రానిస్తారు. రెండు పద్ధతులూ పనిచేస్తాయి. ఒకే గ్రూపులో రెండూ కలిపితే మాత్రం ఏదీ పనిచెయ్యదు.

సిమెంటు నేల మీద బైపాడ్ ఎగురుతోంది, గడ్డి మీద ఎగరడం లేదు. ఎందుకు?

గట్టి నేల మీద రబ్బరు పాదాలు బంతిలా ఎగిరిపడతాయి. పైగా పాదం కుదురుకోవడానికి పట్టు దొరకదు, అందుకే లోడ్ చేస్తే జారుతుంది. ఒక కార్పెట్ ముక్కో, మందపాటి డోర్‌మ్యాటో వేసుకోండి. కంకర మీద, గట్టి మట్టి మీద మొనదేలిన పాదాలు బాగుంటాయి. మెత్తటి ఇసుకలో ఇంకో తంటా ఉంది. కాల్చిన కొద్దీ కాళ్లు దిగబడతాయి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. చెక్క పలక వేసుకోవచ్చేమో ముందు పోటీ నియమాలు చూసుకోండి.

బైపాడ్ ఎంత ఎత్తుండాలి?

మెడ నొప్పి పుట్టనంత ఎత్తు, అంతకు మించి వద్దు. ఎత్తు పెరిగితే ఊగడం పెరుగుతుంది. పడుకుని కాల్చేవాళ్లకు 6 నుంచి 9 అంగుళాల మధ్య సర్దుకునే రకం సరిపోతుంది. పొట్ట ఉన్నవాళ్లకూ, పొడవాటి మ్యాగజైన్ ఉన్న రైఫిళ్లకూ 9 నుంచి 13 అంగుళాలది నయం.

ఏ బైపాడ్ కొనాలి?

అమెరికాలో ఎక్కువ మంది మొదట కొనేది హ్యారిస్. స్ప్రింగుల కాళ్లు, చవక, ఏళ్ల తరబడి చెడిపోదు. కొంటే తల పక్కలకు వాలే రకం కొనండి, ఎందుకన్నది కింద రైఫిల్ ఒరగడం గురించిన జవాబులో ఉంది. దానికంటే ఖరీదులో అట్లాస్ లాంటివి, ఎఫ్‌-టీఆర్ పోటీలకు ఇండోనేషియాలో తయారయ్యే జాయ్‌పాడ్ లాంటి వెడల్పాటివి ఉన్నాయి. పేరు లేని చవక నకళ్లలో కీళ్లు వదులుగా ఉంటాయి, లోడ్ చేసినా ఆ వదులు పూర్తిగా పోదు. సంచీ, మ్యాట్, తూటాలు కొన్నాక మిగిలిన డబ్బుతో బైపాడ్ కొనండి, ముందే అంతా దాని మీద పెట్టకండి.

రైఫిల్‌కు ఎక్కడ బిగించాలి?

స్టాక్‌కు (బ్యారెల్‌ను మోసే చెక్క లేదా ప్లాస్టిక్ ఒంటికి), వీలైనంత ముందుకు. బ్యారెల్‌కు ఎప్పుడూ వద్దు. బ్యారెల్ ఎక్కడా స్టాక్‌కు తగలకుండా ఉండటమే మంచి గురికి పునాది. చవక ప్లాస్టిక్ స్టాక్ ఉన్న వేట రైఫిళ్లలో ఒక దొంగ సమస్య ఉంటుంది. బైపాడ్‌ను లోడ్ చెయ్యగానే స్టాక్ ముందు భాగం వంగి బ్యారెల్‌ను ముట్టుకుంటుంది. సంచీల మీద పెట్టి కాల్చినప్పుడు ఒకచోట పడ్డ తూటాలు బైపాడ్ మీద ఇంకోచోట పడుతుంటే ఇదే మొదట అనుమానించాలి. రైఫిల్ ఖాళీ అని చూసుకుని, బోల్ట్ తీసి పక్కన పెట్టి, బ్యారెల్ కిందికి కాగితం దూర్చి, బైపాడ్‌ను నెట్టండి. కాగితం ఇరుక్కుంటే దొంగ దొరికినట్టే.

నాచురల్ పాయింట్ ఆఫ్ ఎయిమ్ అని అందరూ అంటారు. బైపాడ్ ఉన్నప్పుడు కూడా అది అవసరమా?

అవసరమే. గురి పెట్టి కళ్లు మూసుకోండి. రెండు సార్లు ఊపిరి పీల్చి వదిలి, ఒంటిని వదులుగా వదిలి కళ్లు తెరవండి. క్రాస్‌హెయిర్ ఎక్కడుందో ఒళ్లు కోరుకునే చోటు అదే. టార్గెట్ మీద లేకపోతే చేత్తో లాగకండి. పక్కకు తేడా ఉంటే నడుము, కాళ్లు జరపండి. పైకీ కిందికీ తేడా ఉంటే సంచీతో, బైపాడ్ ఎత్తుతో సర్దండి. చేత్తో లాగి పట్టిన గురి ట్రిగ్గర్ విడివడే క్షణంలో చెయ్యి వదులవగానే పాత చోటికి పారిపోతుంది. బైపాడ్ వాడేవాళ్లు దీన్ని పట్టించుకోకపోవడానికి కారణం, బైపాడ్ ఆ లాగుడును దాచిపెడుతుంది. క్రాస్‌హెయిర్ కదలకుండా కనబడుతుంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు.

చెంప ఎలా ఆనించాలి? పారలాక్స్ అంటే భయంగా ఉంది.

తల బరువును స్టాక్ మీద వదిలెయ్యండి. ప్రతి తూటాకూ అదే చోట, అంతే బరువు. కళ్లు తెరవగానే స్కోప్‌లో నిండు వృత్తం కనబడాలి, అంచుల్లో నల్లటి నీడ రాకూడదు. మెడ చాచాల్సి వస్తుంటే స్కోప్‌ను వెనక్కి జరపండి. మెడను స్కోప్‌కు సర్దకండి.

పారలాక్స్ అంత భయపెట్టేది కాదు, తల కదిపితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరిగినట్టు కనబడటమే అది. రైఫిల్‌ను కదపకుండా తలను కొంచెం పైకీ కిందికీ ఆడించండి. క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద ఈదుతున్నట్టు కనబడితే పక్కనున్న నాబ్‌ను తిప్పుతూ ఆ ఈత ఆగేదాకా సర్దండి. నాబ్ మీద రాసి ఉన్న దూరాల అంకెలను నమ్మకండి.

రైఫిల్ కాస్త ఒరిగితే అంత నష్టమా?

100 గజాల్లో గమనించేంత ఉండదు. దూరం పెరిగితే ఉంటుంది. .308 విన్‌చెస్టర్ రైఫిల్‌ను 100 గజాలకు సర్ది, 1000 గజాలకు స్కోప్‌ను సుమారు 35 ఎంఓఏ పైకి తిప్పారనుకోండి. ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 100 గజాల దగ్గర అంగుళం కంటే పిసరంత ఎక్కువ. ఇప్పుడు రైఫిల్ ఒక్క డిగ్రీ కుడికి ఒరిగితే ఆ 35లో కొంత పక్కకు మళ్లుతుంది. తూటా సుమారు 16 సెంటీమీటర్లు కుడికి పడుతుంది. అందుకే తల వాలే బైపాడ్ కావాలి. నేల ఎప్పుడూ సమంగా ఉండదు, తల వాలకపోతే కాళ్ల పొడవుతోనే సర్దాల్సి వస్తుంది. స్కోప్ మీద చిన్న రసమట్టం బిగించుకుంటే ప్రతి తూటాకు ముందు ఒక చూపు చాలు.

ఊపిరి ఎప్పుడు బిగబట్టాలి?

బిగబట్టొద్దు. మామూలుగా వదిలాక మళ్లీ పీల్చే ముందు సహజంగా ఒక విరామం వస్తుంది, అందులో కాల్చండి. కొన్ని సెకన్లలో ట్రిగ్గర్ విడివడకపోతే వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. ఎక్కువసేపు లాగితే చూపు మసకబారుతుంది, టెన్షన్ పెరుగుతుంది.

ట్రిగ్గర్ గురించి ఏం చెబుతారు?

వేలి మొదటి కణుపు మెత్తటి భాగంతో, బ్యారెల్ గీతలోనే తిన్నగా వెనక్కి నొక్కాలి. మిగిలిన చెయ్యి మారకూడదు. బైపాడ్ మీద కాల్చేవాళ్లలో చాలామంది కుడి బొటనవేలిని స్టాక్ మీదుగా చుట్టకుండా పక్కనే నిటారుగా పెడతారు. చుట్టిన బొటనవేలు వేలితో పాటు బిగుసుకుని రైఫిల్‌ను మెలితిప్పుతుంది.

అంతకంటే ముఖ్యం, కాల్చాక వేలిని వెంటనే వదలకపోవడం. నొక్కిన వేలు నొక్కినట్టే ఉంచి, కళ్లు తెరిచి, తన్ను పూర్తయ్యేదాకా స్కోప్‌లో చూస్తూ ఉండండి. బుల్లెట్ బ్యారెల్‌లో ఉండేది ఒకటిన్నర మిల్లీసెకను అటూ ఇటూగా మాత్రమే కాబట్టి తర్వాత చేసేదానితో పనేముంది అని వాదించేవాళ్లున్నారు. తర్వాత తల ఎత్తాలనుకున్న మనిషి ముందే ఎత్తడం మొదలుపెడతాడు, అదీ జవాబు. .22లో బుల్లెట్ నెమ్మదిగా బయటికి వస్తుంది కాబట్టి ఈ తప్పు ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. అందుకే .22 మంచి గురువు.

నా గ్రూపు నిలువుగా సాగుతోంది. కారణం ఏమిటి?

ముందు చూడాల్సింది సంచీ, తర్వాత ఊపిరి, తర్వాత చెంప బరువు. అడ్డంగా సాగుతుంటే గాలి, ట్రిగ్గర్ వేలు, ఒంటి కోణం. ఒకే ఒక్క తూటా దూరంగా పడితే కాల్చేటప్పుడు మీకు ఏమనిపించిందో గుర్తుంచుకోండి. 'ఇది పక్కకు పోయింది' అని టార్గెట్ చూడకముందే చెప్పగలుగుతున్నారంటే మీరు ఎదుగుతున్నట్టే.

కానీ మూడు తూటాల గ్రూపు చూసి వైద్యం మొదలుపెట్టకండి. మూడు తూటాలు దగ్గరగా పడటం ఎవరికైనా అప్పుడప్పుడు జరుగుతుంది. ఫోన్‌లో పంపుకునే ఫొటోల్లో ఉండేవి అలాంటివే. పది తూటాలు కాల్చి, వాటన్నిటినీ లెక్కలోకి తీసుకోండి, చెడ్డదాన్ని వేలితో మూసి కాదు.

బెంచ్ మీద సర్దుకున్న జీరో (గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్‌ను సర్దడం) నేల మీద మారిపోతోంది. స్కోప్ చెడిపోయిందా?

చాలాసార్లు కాదు. బెంచ్ మీద కూర్చున్నప్పుడు ఒళ్లు రైఫిల్ వెనుక ఉండదు, పక్కన ఉంటుంది. భుజం ఒత్తిడి వేరు, తన్ను దారి వేరు, అందుకే తూటా పడే చోటు వేరు. మీరు ఏ పడకలో కాల్చబోతున్నారో ఆ పడకలోనే జీరో చేసుకోండి. బెంచ్ తప్ప గతి లేకపోతే, టేబుల్‌కు తిన్నగా ఎదురుగా కూర్చుని, ఛాతీని టేబుల్ అంచుకు ఆనించి, బైపాడ్ కింద మ్యాట్ వేసి కాల్చండి.

ఇన్ని కుదిరితే 1000 గజాల్లో కొట్టగలనా?

రైఫిల్ కొట్టగలదు. గాలి ఒప్పుకోవాలి. గంటకు 10 మైళ్ల అడ్డగాలి మామూలు .308 బుల్లెట్‌ను 1000 గజాల ప్రయాణంలో రెండు మీటర్లకు పైగా పక్కకు తోస్తుంది. బుల్లెట్ అక్కడికి చేరడానికి ఒకటిన్నర సెకన్లకు పైనే పడుతుంది, ఆ లోపు గాలి తన పని చేసుకుంటుంది. బైపాడ్ చేసే మేలు ఏమిటంటే, తూటా పక్కకు పడినప్పుడు అది మీ చేతి తప్పు కాదని, గాలి అంచనా తప్పని నమ్మకంగా చెప్పగలుగుతారు. అలా చెప్పలేనివాడు గాలి నేర్చుకోలేడు. జెండాలు, గడ్డి, స్కోప్‌లో ఎండమావిలా పారే మిరాజ్, వీటిని చదవడం వేరే పెద్ద చదువు.

ఎఫ్‌-టీఆర్ అంటే?

బైపాడ్ ఆటకు అసలు ఇల్లు అదే. కెనడాకు చెందిన జార్జ్ ఫార్క్వర్‌సన్ మొదలుపెట్టిన ఎఫ్‌-క్లాస్ ఆయన పేరులోని మొదటి అక్షరంతోనే పిలవబడుతోంది. స్లింగ్ కట్టుకుని, స్కోప్ లేకుండా పెద్ద తూటాల రైఫిల్‌తో కాల్చే పాత ఫుల్‌బోర్ ఆట వయసు మీదపడ్డ వాళ్ల కళ్లకూ కీళ్లకూ కష్టమైపోయింది. వాళ్లను రేంజ్‌కు దూరం కానివ్వకూడదన్నదే మొదటి ఉద్దేశం. తర్వాత కుర్రవాళ్లూ వచ్చిపడ్డారు.

ఇందులో రెండు తరగతులు. ఓపెన్‌లో రైఫిల్ 10 కిలోల దాకా ఉండొచ్చు, ముందు బల్లలాంటి రెస్ట్ వాడొచ్చు. ఎఫ్‌-టీఆర్‌లో తూటా .223 రెమింగ్టన్ లేదా .308 విన్‌చెస్టర్ మాత్రమే. బైపాడ్, స్కోప్‌తో కలిపి బరువు 8.25 కిలోలు దాటకూడదు. తన్నును తగ్గించే మజిల్ బ్రేకులు కుదరవు. అమెరికా పోటీల్లో 1000 గజాల టార్గెట్ మీద 10 పాయింట్ల వృత్తం వ్యాసం 10 అంగుళాలు, దాని నడుమ ఎక్స్ వృత్తం 5 అంగుళాలు. ప్రపంచ పోటీలు ఒట్టావా దగ్గరి కనాట్ రేంజ్, ఇంగ్లండ్‌లోని బిస్లీ, న్యూ మెక్సికోలోని రాటన్, దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటెయిన్ లాంటి చోట్ల జరిగాయి.

మన దగ్గర ఈ ఆట ఆడొచ్చా?

ఎఫ్‌-టీఆర్ ఉన్నదున్నట్టుగా చాలా కష్టం. 1959 ఆయుధ చట్టం, 2016 నిబంధనల కింద లైసెన్సు లేకుండా రైఫిల్ ముట్టుకోకూడదు. .303, 7.62 మి.మీ. లాంటి సైనిక బోర్లు మామూలు లైసెన్సుకు దొరకవు. వెయ్యి గజాల పౌర రేంజ్ కూడా మన ఊళ్లలో దొరికేది కాదు.

దారి లేకపోలేదు. .177 బోర్, 20 జూళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. దానికి బైపాడ్ బిగించి, వెనుక సంచీ పెట్టి, క్లబ్ రేంజ్‌లో సాధన చేస్తే పైన చెప్పినవాటిలో గాలి, తన్ను తప్ప మిగతావన్నీ నేర్చుకోవచ్చు. స్ప్రింగ్ రకం ఎయిర్ రైఫిల్ మాత్రం గట్టి ఆధారం మీద విచిత్రంగా గెంతుతుంది, దానికంటే ముందే గాలి నింపిపెట్టుకునే ప్రీ-చార్జ్‌డ్ రకం నయం.

ఒలింపిక్స్‌లో బైపాడ్ వాడతారా?

వాడరు. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రైఫిల్ పోటీల్లో ఏ ఆధారమూ ఉండదు, పడుకుని కాల్చేటప్పుడు స్లింగ్ ఒక్కటే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ అయితే నిలబడి కాల్చేది. పారా షూటింగ్‌లో రైఫిల్ బరువును చేతులతో మొయ్యలేని ఎస్‌హెచ్‌2 వర్గం వాళ్లకు స్ప్రింగ్ మీద నిలిచే స్టాండ్ ఇస్తారు, అదీ బైపాడ్ కాదు. మీ పిల్లలకు జాతీయ జట్టు కలలుంటే బైపాడ్ జోలికి పోకుండా కోచ్ చెప్పింది వినమనండి.

అమెరికాలో హెచ్‌-1బీ మీద ఉన్నాను. రేంజ్‌కు వెళ్లి రైఫిల్ అద్దెకు తీసుకోవచ్చా?

ఇది చదవకుండా వెళ్లకండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎఫ్‌-1, విజిటర్ వీసా, అన్నీ ఇందులోకే వస్తాయి. రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకోవడం కూడా దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. స్నేహితుడి రైఫిల్ కదా అన్నా కుదరదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అందులో ఎక్కువ మంది వాడుకునేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. రాష్ట్రాల చట్టాలు దీనికి అదనం.

రేంజ్ కౌంటర్‌లో కుర్రాడు ఏమీ అడగకపోవచ్చు. అడగలేదు కాబట్టి తప్పు లేదనుకుంటే వీసా, గ్రీన్ కార్డు రెండూ పోవచ్చు. ఇమిగ్రేషన్ లాయరును అడిగి వెళ్లండి.

తూటాల ఖర్చు లేకుండా ఇంట్లో సాధన చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, చాంబర్‌ను (తూటా కూర్చునే చోటును) కంటితో, వేలితో రెండుసార్లు చూసుకుని, వెనుక గట్టి గోడ ఉన్న వైపు మాత్రమే మూతి పెట్టండి. బైపాడ్, సంచీ, చాప వేసుకుని గోడ మీద చిన్న చుక్కకు గురిపెట్టి ఖాళీగా ట్రిగ్గర్ నొక్కండి. క్లిక్‌మన్నప్పుడు క్రాస్‌హెయిర్ కదిలిందా అన్నదే చూడండి. ఏ వైపు కదిలితే వేలు ఆ వైపు లాగుతోందన్న మాట. ఇంత చవకగా ఇంత నిజం చెప్పే పరీక్ష ఇంకోటి లేదు. .22 రైఫిళ్లలో కొన్నింటికి ఖాళీగా కొడితే చాంబర్ అంచు దెబ్బతింటుంది, వాటికి స్నాప్ క్యాప్ (డమ్మీ తూటా) వాడండి.

రేంజ్‌లో బైపాడ్ వాడేవాళ్లు ప్రత్యేకంగా పాటించాల్సిన జాగ్రత్తలున్నాయా?

ఉన్నాయి. బైపాడ్ మీద నిలబడ్డ రైఫిల్ దానంతట అది సురక్షితంగా ఉన్నట్టు కనబడుతుంది, అదే ప్రమాదం. 'సీజ్ ఫైర్' అనగానే బోల్ట్ తెరిచి, చాంబర్ ఖాళీ అని చూపే చాంబర్ ఫ్లాగ్ పెట్టి, లేచి వెనక్కి రావాలి. జనం టార్గెట్ల దగ్గర ఉన్నప్పుడు స్కోప్‌లో చూడటం కోసమైనా సరే రైఫిల్ వెనుక పడుకోకూడదు. కాళ్లు మడిచేటప్పుడు మూతి పక్క లేన్ మీదికి తిరుగుతుంది, ఖాళీ చేశాకే, మూతి టార్గెట్ వైపే ఉంచి మడవండి.

చెవులకు ఇయర్‌ప్లగ్, దాని మీద మఫ్ రెండూ పెట్టండి. రేకుల షెడ్ కింద పక్కవాడి మజిల్ బ్రేక్ మోత మీ రైఫిల్ మోత కంటే గట్టిగా తగులుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. పొడి నేల మీద మూతి ముందు తడి గోనెపట్టా పరిస్తే దుమ్ము లేవదు, తూటా ఎక్కడ పడిందో మీకు కనబడుతుంది.